ఖాళీగా వచ్చిన చెయ్యి

ముసలి చేమ్‌ని హంతకుణ్ణి చెయ్యడానికి ఇన్‌స్పెక్టర్ థనాకోన్‌కి సరిగ్గా ఒక్క పగలు పట్టింది. మంగళవారం పొద్దున్న కాలవలో సంచీ దొరికింది, సాయంత్రానికల్లా చేమ్ లాకప్‌లో ఉన్నాడు. గురువారం తొమ్మిదింటికి కోర్టు. ఇవాళ బుధవారం, మధ్యాహ్నం మూడు దాటింది. ఈ కేసులో తనతోపాటు వేసిన ఇన్‌స్పెక్టర్ సావనీకి ఇంకా నమ్మకం కుదరలేదని థనాకోన్‌కి తెలుసు. తెలిసే రిమాండు కాయితాలు టైపు చేయిస్తున్నాడు.

సంచీ దావోన్ అనే ఇరవై రెండేళ్ళ పిల్లది. లావోస్ దేశంలో పాక్సే ఊరునుంచి ఇద్దరు స్నేహితులతో కలిసి, భుజాన సంచులేసుకుని బాంకాక్ చూడ్డానికొచ్చింది. పాత రైలు స్టేషన్ వెనక సందులో, ఒక గెస్ట్‌హౌస్‌లో ముగ్గురికీ ఒకటే గది. సోమవారం సాయంత్రం అయిదూ నలభై ఆరుకి ఆ సందు మొగలో ఉన్న మందుల షాపు కెమెరాలో దావోన్ కనిపించింది. వీపున సంచీతో పద్నాలుగో నంబరు మోటారుసైకిల్ టాక్సీ ఎక్కింది. ఆ తర్వాత ఆమెని చూసినవాళ్ళు లేరు, ఆమె ఫోను స్విచాఫ్. మర్నాడు చెత్త తీసే పడవవాళ్ళకి సంచీ దొరికింది. లోపల బట్టలు, తడిసిన పాస్‌పోర్టు. ఇప్పుడు కాలవలో గజ ఈతగాళ్ళు శవం కోసం దేవుతున్నారు.

పద్నాలుగో నంబరు బండి చేమ్‌ది. అరవై ఒకటో ఏడు. పాతికేళ్ళ కిందట సారాకొట్టు దగ్గర కొట్లాటలో ఒకణ్ణి కత్తితో గీసి రెండేళ్ళు లోపలుండి వచ్చాడు. థనాకోన్‌కి అంతకంటే ఏం కావాలి?

సావనీ లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని చేమ్‌ని మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. అతను విసుక్కోకుండా నాలుగోసారి చెప్పాడు. పిల్ల పార్కు గేటు దగ్గరికి బేరం ఆడింది. ఆరుకి అయిదు నిమిషాలుండగా దింపాడు. పిల్ల డబ్బులిచ్చి లోపలికెళ్ళింది. చెరువు గట్టున బెంచీ మీదనుంచి ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ లేచి ఆమెకి చేతులూపారు. తను బండి తిప్పుకునేలోగా ఆరయింది. తర్వాత గేటుకెదురుగా నూడుల్స్ తిని, ఆరూ నలభైకి స్టాండుకెళ్ళాడు.

"ఆరయిందని అంత ఖాయంగా ఎలా చెబుతున్నావు బాబాయ్? నీ చేతికి గడియారం కూడా లేదు."

"గడియారమెందుకమ్మా? గీతం వచ్చింది, బండి దిగి నిలబడ్డాను. అందరూ నిలబడ్డారు." అని, గొంతు తగ్గించాడు. "అమ్మా, నా నారింజ చొక్కా తీసేసుకున్నారు. పద్నాలుగో నంబరుది. రెండ్రోజులు కనపడకపోతే స్టాండులో నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఆ చొక్కా జాగ్రత్తగా ఉంచమని చెప్పండి."

ఉరికంబం ఎదురుగా కనిపిస్తుంటే చొక్కా గురించి అడిగే మనిషి పిల్లని చంపి కాలవలో పారేశాడంటే సావనీ మనసు ఒప్పుకోలేదు. కానీ మనసు ఒప్పుకోకపోవడాన్ని కోర్టులో ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. చొక్కా సంగతి చూస్తానని చెప్పి లేచింది.

థనాకోన్ గదిలో ఏసీ గడ్డకట్టించేస్తోంది. అతను ఆమెని చూడగానే కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. ఇది రెండోసారి. దావోన్ స్నేహితులు సుక్సవన్, ఫెత్సమోన్ ఇచ్చిన వీడియో అది. తలనొప్పిగా ఉందని దావోన్ గదిలోనే ఉండిపోయిందనీ, తామిద్దరూ అయిదింటికే పార్కుకెళ్ళామనీ, ఏడున్నరకి తిరిగొచ్చేసరికి ఆమె లేదనీ వాళ్ళ వాంగ్మూలం. వీడియోలో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని తింటున్నారు. వాళ్ళ వెనకాల చెరువు, పరిగెత్తేవాళ్ళు, దూరంగా గేటు. మూలన తెల్ల అంకెల్లో సోమవారం తేదీ, అయిదూ యాభై ఎనిమిదినుంచి ఆరూ ఒకటి దాకా సమయం. థనాకోన్ సౌండు తీసేసి నడిపించాడు. మాటలు లావో యాసలో ఉన్నాయని, తనకవి అర్థం కావని అతని సాకు.

"చూడండక్కా. గేటు దగ్గర ముసలాడి బండి ఉందా? లేదు. లోపల దావోన్ ఉందా? లేదు. మరి వాడెవర్ని దింపాడు, ఎవరు చేతులూపారు?"

"ఆ వీడియో వాళ్ళ ఫోన్లోది. ఫోను గడియారం ఎవరైనా వెనక్కి తిప్పుకోవచ్చు."

"ఎందుకు తిప్పుతారు? పాపం ఊరుగాని ఊళ్ళో స్నేహితురాలు పోయి ఏడుస్తున్న పిల్లలు." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "నిజం చెప్పనా అక్కా, మీకు ముసలాడి మీద జాలి. రేపు తొమ్మిదిలోపు దావోన్ గొంతు నా చెవిన పడెయ్యండి, చేమ్‌ని నేనే నా కార్లో ఇంటి దగ్గర దింపి వస్తాను. పడెయ్యలేకపోతే అడ్డు రాకండి. అయినా ఆ పిల్లలు మీ వాళ్ళేగా. మీరు కూడా అటువైపు లావో మాట మాట్లాడేవాళ్ళే కదా, మీకేం చెప్పలేదా?"

సావనీ లావోస్ సరిహద్దుకి ఆనుకున్న ఈశాన్యపు ఊబోన్ మనిషి. ఈ నగరానికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయినా ఎప్పుడైనా నాలుక మడతపడి సొంత యాస బయటపడితే స్టేషన్లో నవ్వులు. అందుకని ఆ మాటని ఇంటికే పరిమితం చేసుకుంది. రెండేళ్ళ కిందట తల్లి పోయింది. ఆ తర్వాత నాలుగో అంతస్తు గదిలో ఆ మాట మాట్లాడ్డానికి మనిషి లేడు. ఆదివారాల్లో ఒక్కోసారి కుండీలో మొక్కతో మాట్లాడేది. తన గొంతు తనకే ఎబ్బెట్టుగా తోచి అదీ మానేసింది.

"నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు తమ్ముడూ. చెప్పించుకోవడానికే వెళ్తున్నాను. ఆ వీడియో నా ఫోనుకి పంపు," అంది.

పార్కు చేరేసరికి అయిదూ యాభై. బెంచీ పోల్చుకోవడం కష్టం కాలేదు, దాని వీపుచెక్క ఒకటి విరిగి ఉంది. సావనీ అక్కడ కూర్చుని గేటుకేసి చూసింది. గేటు స్పష్టంగా కనబడుతోంది. చేమ్ అక్కడ నిలబడి ఇద్దరు పిల్లలు చేతులూపడం చూశాడంటే చూసే ఉండాలి. బెంచీ కింద వెతికింది. రెండు రోజుల్లో ఊడ్చేశారు, ఏమీ లేదు. పక్కన అరవై దాటిన ఆడవాళ్ళు పాటకి తగ్గట్టు చేతులూ కాళ్ళూ ఆడిస్తున్నారు. ఒకావిడ తనని కూడా రమ్మని చెయ్యి ఊపింది. సావనీ నవ్వి తల అడ్డంగా ఊపింది. నిజానికి వెళ్ళాలనిపించింది. ఈ నగరంలో తనని ఇటు రమ్మని పిలిచినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

ఫోను తీసి, చెవిలో తీగ పెట్టుకుని, ఈసారి సౌండుతో వీడియో నడిపించింది. చిల్లరమల్లర మాటలు. కోడి బాగా కాలిందనీ, కారం చాల్లేదనీ. అవి తన అమ్మ మాటలు, అదే సాగదీత, అదే విరుపు. కేసు సంగతి మరిచిపోయి ఒక నిమిషంపాటు ఊరికే వింది.

అప్పుడు ఆరయింది.

ఆడవాళ్ళ పాట టక్కున ఆగింది. స్తంభాల మీది మైకుల్లోంచి జాతీయ గీతం మొదలైంది. చెరువు గట్టు మీద పరిగెత్తేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. తోపుడుబండి మనిషి సీసా అక్కడే పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఏం జరుగుతోందో తెలియని ఇద్దరు విదేశీయులు కూడా జనాన్ని చూసి ఆగారు. సావనీ లేచి నిలబడింది. పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ ఇది రోజూ ఉండేదే. చిన్నప్పటినుంచీ నిలబడుతూనే ఉంది. ఇందులో ఎవరూ కొత్తగా గమనించేదేమీ ఉండదు.

కానీ చేతిలో ఫోను ఇంకా నడుస్తోంది. అందులో అంకెలు ఆరు గంటల పది సెకన్లు చూపిస్తున్నాయి, ఎర్ర నిక్కరు మనిషి ఒకడు సుక్సవన్ వెనకనుంచి పరిగెత్తుకుంటూ పోతున్నాడు. అతని వెనక ఇద్దరాడవాళ్ళు కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. తోపుడుబండివాడు గంట వాయిస్తున్నాడు. చెవిలో ఎక్కడా గీతం లేదు.

సావనీ గీతం అయ్యేదాకా కదలకూడదు కాబట్టి కదల్లేదు, కళ్ళు మాత్రం ఫోను మీదనుంచి తీయలేదు. ఇదే పార్కు, ఇదే బెంచీ. ఇది ఆరు గంటలు మాత్రం కాదు. పాక్సే నుంచి వచ్చిన పిల్లలకి ఫోను గడియారం వెనక్కి తిప్పడం తెలిసింది, ఆరింటికి తమ కళ్ళముందే ఆగిపోయిన ఊరు వీడియోలోనూ ఆగి ఉండాలని తోచలేదు.

గీతం ముగిశాక కూర్చుని మళ్ళీ మొదటినుంచి చూసింది. అబద్ధం తేలింది, సరే. మరి ఎందుకు ఆడారు? ఇద్దరూ కలిసి దావోన్‌ని ఏమైనా చేశారా? మూడోసారి చూస్తుండగా ఆమె బొటనవేలు వీడియోని ఆపేసింది. సుక్సవన్ ఒక చేతిలో కోడి ముక్క, ఇంకో చేతిలో కారం పొట్లం. ఫెత్సమోన్ ఒళ్ళో జిగురు అన్నం బుట్ట. ఇద్దరి చేతులూ కనిపిస్తూనే ఉన్నాయి, అయినా బొమ్మ అటూ ఇటూ కదులుతోంది. అంటే ఫోను పట్టుకున్నది మూడో మనిషి. దారినపోయేవాళ్ళెవరినో తీయమని ఉంటారని థనాకోన్ అంటాడు. అదీ ఆలోచించింది. మళ్ళీ నడిపించింది. ఫెత్సమోన్ అన్నం చిన్న ఉండ చేసి, కారంలో అద్ది, నవ్వుతూ చెయ్యి ఫోను వైపు చాపింది. చెయ్యి తెర దాటి పైకి పోయింది. తిరిగి వచ్చేసరికి అందులో ఉండ లేదు.

దారినపోయేవాళ్ళ నోట్లో ఎవరూ ముద్ద పెట్టరు.

సావనీకి నోట్లో ముద్ద పెట్టే మనుషులు లేక చాలా కాలమైంది. బహుశా అందుకే ఆ చెయ్యి ఆమె కంటపడింది. లేచి థనాకోన్‌కి ఫోను చేసి గెస్ట్‌హౌస్‌కి రమ్మంది. ఎందుకని అతను గదమాయించాడు.

"నువ్వెప్పుడైనా ఆరింటికి ఆ పార్కులో ఉన్నావా తమ్ముడూ?"

"నాకేం పని? ఆ టైముకి కార్లో ఉంటాను, అద్దాలు ఎత్తుకుని."

"కొంప ముంచింది అదే. రా, చెప్తాను."

గది మూడో అంతస్తులో ఉంది. మూడు మంచాలు. దావోన్ మంచం మీద దుప్పటి మడత విప్పలేదు. రెండో మంచం మీద ఫెత్సమోన్ ఒక్కతే మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. గోడవార ఒకటే సంచీ. సుక్సవన్ ఏడని అడిగితే, ఏదో కొనడానికి బయటికెళ్ళాడంది. కొనడానికి వెళ్ళేవాడు సంచీ మొత్తం ఎత్తుకెళతాడా? సావనీ ఆ ప్రశ్న అడగలేదు. థనాకోన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సావనీ ఫోను తీసి, ఆరు గంటల పది సెకన్ల దగ్గర ఆపి అతని చేతికిచ్చింది. అతను చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత పరిగెత్తే ఎర్ర నిక్కరుని చూస్తూ అతని మొహం మెల్లగా మారింది.

సావనీ వెళ్ళి ఆ పిల్ల పక్కన మంచం మీద కూర్చుంది. ఈ రెండ్రోజులూ వాంగ్మూలాలన్నీ నగరం భాషలో, కాయితం మీద రాసేట్టుగా అడిగింది. ఇప్పుడు తన ఊరి మాటలో, థనాకోన్ నవ్వినా సరేనని, అడిగింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

ఫెత్సమోన్ తలెత్తి చూసింది. రెండు రోజులుగా మేడం, మేడం అన్న పిల్ల ఈసారి అలా అనలేదు. "తినబుద్ధి అయితలేదు పెద్దమ్మా."

"ఎట్లయితది? దావోన్ నోట్ల ముద్ద పెట్టిన చెయ్యి అది. నేను చూసిన. ఆమె ఫోను వట్టుకున్నది, నువ్వు పెట్టినవు. చేమ్ ఆమెను దింపినంకనే గదా ఆ వీడియో తీసింది? ఆ ముసలాయనను రేపు జైలుకు పంపుతరు. ఆయన చేసిన తప్పేందో చెప్పు."

ఇంక ఆగలేదు. ఫెత్సమోన్ ఏడుస్తూ చెప్పిందంతా సావనీ ముక్కముక్కగా థనాకోన్‌కి నగరం భాషలో చెప్పింది. దావోన్ టీచరు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇంట్లో మాత్రం ఉద్యోగం వచ్చిందని చెప్పింది. తల్లి సంబరపడి వీధంతటికీ భోజనం పెట్టింది. వచ్చే వారం బళ్ళో చేరాలి, లేని బళ్ళో. ఇంటికెళ్ళే మొహం లేదు. ఈ ఊరొచ్చిన రెండో రోజున గెస్ట్‌హౌస్‌లో మాలీ అనే ఆమె పరిచయమైంది. తీయగా మాట్లాడింది. సరిహద్దు ఊళ్ళో హోటల్లో పని ఇప్పిస్తానంది, కొత్త కాయితాలు కూడా తనే చేయిస్తానంది. ఒక్కటే షరతు, వెనక ఎవరూ వెతుక్కుంటూ రాకూడదు. అందుకని సంచీ, పాస్‌పోర్టు కాలవలో పడెయ్యమంది. స్నేహితుల మీదికి రాకుండా ఆరు గంటల వీడియో తీసి పెట్టుకోమన్నదీ ఆమే. మాటల్లో పడి ఆలస్యమైంది, ఫోను గడియారం వెనక్కి తిప్పి నిజానికి అది ఆరూ ఇరవైకి తీశారు. తర్వాత దావోన్ ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"ముసలాయన సంగతి మాకెర్కలేదు పెద్దమ్మా. ఆయనను వట్టుకున్నరని తెలిసినంక చెప్దామనుకున్న. సుక్ ఒద్దన్నడు, దావోన్ జాడ బయటపడుతదని."

"సుక్సవన్ ఏడికి పోయిండు?"

"పొద్దుగాల దావోన్ నంబరు నుంచి మెసేజొచ్చింది. ఇంకిద్దరికి పని ఉన్నది, మీరు గూడ రాండ్రి, కారు పంపుతమని. అది చూసి సుక్‌కు అనుమానమొచ్చింది. దావోన్ మమ్ముల రమ్మనదు, మమ్ముల ఇంటికి పొమ్మని ఒట్టేయించుకున్నది. ఆమెను తోల్కొస్తనని పదింటికి కారెక్కి పోయిండు. నేనొద్దన్న. ఇనలే."

సావనీ గడియారం చూసింది. సరిహద్దుకి నాలుగ్గంటల ప్రయాణం. ఇప్పుడు ఏడు కావొస్తోంది. ఈ ఊళ్ళో పోలీసులంతా దావోన్‌ని కాలవ అడుగున వెతుకుతున్నారు. బతికున్న పిల్ల కోసం వెతుకుతున్నవాళ్ళు ఈ దేశంలో ఒక్కరూ లేరు. ఆ ఏర్పాటు చేసుకున్నది ఆ పిల్లే.

థనాకోన్ గొంతు సర్దుకున్నాడు. అతనిలో వెటకారం తగ్గింది, మంకుపట్టు ఇంకా ఉంది. "నేరం తప్పించుకోడానికి అల్లిన కథ కూడా కావొచ్చక్కా. జడ్జి అదే అంటాడు. నేనన్న మాట మీదే ఉన్నాను. ఆ పిల్ల గొంతు వినాలి."

సావనీ ఫెత్సమోన్ చేతికి ఫోను ఇచ్చి ఆ నంబరుకి చెయ్యమంది, స్పీకరు తనే నొక్కింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి కట్ చేశారు. మూడోసారి ఎత్తారు. నీళ్ళు పడుతున్న చప్పుడు. స్నానాలగదిలో కుళాయి విప్పి, దాని వెనకనుంచి మాట్లాడుతున్నట్టుంది. ఒక ఆడగొంతు, గుసగుస.

"ఫెత్? నువ్వేనా?"

ఫెత్సమోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపింది, అది అవతల కనబడదని కూడా తోచలేదు. థనాకోన్ గుమ్మంలోంచి రెండడుగులు లోపలికొచ్చాడు.

"ఫెత్, హోటలు గాదిది. తలుపులకు బయటనుంచి తాళమేస్తరు. ఆ మెసేజ్ నేను రాయలే, నా ఫోను గుంజుకొని వాళ్ళే రాసిన్రు. ఎట్లనో దొరకపుచ్చుకున్న." నీళ్ళ చప్పుడులో మాట కాసేపు మునిగింది. "ఒక్కటి చెప్పు. నా కోసం ఎవలన్న దేవులాడుతున్నరా?"

ఫెత్సమోన్ దుప్పట్లో మొహం దాచుకుంది. సావనీ ఫోను నోటి దగ్గరికి తీసుకుంది.

"నేను దేవులాడుతున్న బిడ్డా. పోలీసును, ఊబోన్‌దాన్ని. కిటికీలనుంచి ఏం కనబడుతున్నదో చెప్పు."

థనాకోన్ జేబులోంచి తన ఫోను తీసి స్టేషన్‌కి కలిపి, తగ్గుస్వరంతో, చేమ్‌ని వదిలెయ్యమనీ అతని చొక్కా అతనికిచ్చెయ్యమనీ చెబుతున్నాడు.

"తెల్ల నీళ్ళట్యాంకున్నది," అంది దావోన్. "దాని మీద నీలం గీతలు మూడు. ఆవల రైలు కూత ఇనబడ్డది, రెండుసార్లు. పెద్దమ్మా, ఆ మెసేజ్ చూసి సుక్ బయలెల్లుతడు, ఆయనను మాత్రం రానియ్యకుండ్రి. ఎట్లన్న జేసి ఆపుండ్రి."

కుళాయి కట్టేసిన చప్పుడయింది. తలుపు మీద దెబ్బ, తర్వాత ఇంకోటి, చెక్క విరిగిన మోత. ఎవరో ఫోను నేలమీదనుంచి ఎత్తుకున్నారు. ఈసారి మగగొంతు, నగరం భాషలో, బ్యాంకులో మాట్లాడేంత మర్యాదగా పలికింది.

"ఆపడానికి ఆలస్యమైందండీ. అబ్బాయి మధ్యాహ్నమే వచ్చేశాడు. మీరింకోసారి ఈ నంబరుకి చేస్తే, ఇద్దరిలో ఎవరిని ఉంచుకోవాలో మేం తేల్చుకోవాల్సి వస్తుంది."